మీ స్టేట్ రెప్రజెంటేటివ్ ఉత్తరంలో ఎవరి పని ఎంత?

రెండు మూడు నెలలకోసారి మెయిల్‌బాక్స్‌లో స్టేట్ రెప్రజెంటేటివ్, అంటే రాష్ట్ర శాసనసభలో మన ప్రతినిధి, పంపిన ఒక నున్నటి కాగితం కనబడుతుంది. పైన స్టేట్ క్యాపిటల్ గుమ్మటం బొమ్మ, పక్కన నవ్వు ముఖం, కింద ఆప్యాయంగా ఒక పలకరింపు. లోపల ప్రాపర్టీ టాక్స్ తగ్గించామని ఒక పేరా, రోడ్డు విస్తరణ గురించి ఇంకొకటి, స్కూళ్లకు వచ్చిన నిధుల లెక్క, లైబ్రరీ దగ్గర పాత కాగితాలు ష్రెడ్ చేసే శనివారం తేదీ, ఆటలో గెలిచిన హైస్కూలు పిల్లలతో ఫోటో. అమెరికాలో మన తెలుగు ఇళ్లలో చాలావరకు ఇది పిజ్జా కూపన్లతో కలిసి చెత్తబుట్టలోకి వెళ్తుంది. ఈమెయిల్‌గా వస్తే తెరవకుండానే అడుగుకు జారిపోతుంది.

అలా పోకూడదని నా గట్టి అభిప్రాయం. ఇంటి పన్ను, పిల్లల బడి, డ్రైవింగ్ లైసెన్సు, కారు ఇన్సూరెన్సు, నర్సుగానో ఫార్మసిస్టుగానో పనిచేయడానికి కావలసిన లైసెన్సు, వీటి నియమాలన్నీ చాలావరకు రాష్ట్రమే రాస్తుంది. టీవీలో రోజంతా నడిచే వాషింగ్టన్ గొడవల కన్నా ఇవే మన నెల ఖర్చునూ, దినచర్యనూ ఎక్కువగా కదిలిస్తాయి.

కాకపోతే ఆ ఉత్తరాన్ని చదవడంలో ఒక చిక్కుంది. అందులో రాష్ట్రం చేసినవి, కౌంటీ చేసినవి, సిటీ చేసినవి, స్కూల్ బోర్డు చేసినవి, ఇంకా ఎవరూ చేయనివి, అన్నీ ఒకే గొంతుతో పక్కపక్కనే ఉంటాయి. రాసిందాంట్లో అబద్ధం ఉండాల్సిన పనిలేదు. అయినా చదివినవాళ్లకు ఎవరి పని ఎంతో తెలియకుండా పోతుంది. ప్రతి వాక్యం దగ్గరా ఆగి రెండు సంగతులు చూస్తే ముడి విడుతుంది: అక్కడ వాడిన క్రియ ఏమిటి, ఆ పని చేసే అధికారం ఎవరిది.

ఇంతకీ రాసింది ఎవరు?

గందరగోళం పేర్లతోనే మొదలవుతుంది. అమెరికా కాంగ్రెస్‌లో హౌస్, సెనేట్ ఉన్నట్టే 49 రాష్ట్రాల్లోనూ రెండేసి సభలున్నాయి. నెబ్రాస్కా ఒక్కటే 1937 నుంచి ఒకే సభతో నడుస్తోంది. కాబట్టి ‘మన సెనేటర్ చెప్పారు’ అని ఎవరైనా అంటే, ఆ సెనేటర్ కూర్చునేది వాషింగ్టన్‌లోనా, లేక ఆస్టిన్, ట్రెంటన్, రిచ్‌మండ్ లాంటి రాష్ట్ర రాజధానిలోనా అన్నది ముందు తేల్చుకోవాలి. కింది సభ పేరు కూడా రాష్ట్రానికో తీరుగా ఉంటుంది. టెక్సస్‌లో హౌస్ ఆఫ్ రెప్రజెంటేటివ్స్, న్యూజెర్సీలో జనరల్ అసెంబ్లీ, వర్జీనియాలో హౌస్ ఆఫ్ డెలిగేట్స్. న్యూజెర్సీలోని 40 డిస్ట్రిక్టుల్లో ఒక్కోదానికీ ఒక సెనేటరు, ఇద్దరు అసెంబ్లీ సభ్యులు ఉంటారు. అందువల్ల అక్కడ ఒకే ఇంటికి ముగ్గురి నుంచి ఉత్తరాలు రావచ్చు.

మనం వెంటనే చేసే పోలిక ఎమ్మెల్యేతో. అది సగం వరకే కుదురుతుంది. మన దగ్గర అసెంబ్లీలో మెజారిటీ ఉన్న పార్టీ నాయకుడే ముఖ్యమంత్రి. ఎమ్మెల్యేల్లోంచే మంత్రులు వస్తారు. అధికార పార్టీ ఎమ్మెల్యే ఫోన్ చేస్తే ఎమ్మార్వో ఆఫీసులో ఫైలు కదులుతుందని జనం నమ్మకం. అమెరికా రాష్ట్రాల్లో గవర్నర్‌ను జనం విడిగా ఎన్నుకుంటారు. శాసనసభ్యుడు మంత్రి కాడు, శాఖ నడపడు, ఏ అధికారికీ ఉత్తర్వు ఇవ్వలేడు. ఆయన చేతిలో ఉన్నవి చట్టం, బడ్జెట్ మీద ఓటు, కమిటీలో అడిగే ప్రశ్న, ఆఫీసు సిబ్బంది. నియోజకవర్గ అభివృద్ధి నిధి లాంటిది ఎక్కువ చోట్ల ఉండదు. బడ్జెట్‌లో పేరు పెట్టి మరీ స్థానిక పనులకు డబ్బు చేర్చే ఆనవాయితీ మాత్రం కొన్ని రాష్ట్రాల్లో ఉంది.

ఈ ఉద్యోగం అన్ని చోట్లా ఒకేలా ఉండదన్నది కూడా గుర్తుంచుకోవాలి. న్యూహాంప్‌షైర్ కింది సభలో 400 మంది ఉన్నారు. ఒక్కొక్కరి కింద సగటున దాదాపు మూడున్నర వేల మంది జనాభా. జీతం ఏడాదికి 100 డాలర్లు. ఆ మొత్తం 1889 నుంచీ మారలేదు. కాలిఫోర్నియా అసెంబ్లీలో 80 మందే, ఒక్కొక్కరి కింద దాదాపు ఐదు లక్షల మంది. అక్కడి స్టేట్ సెనేటరు ప్రాతినిధ్యం వహించేది దాదాపు పది లక్షల మందికి, అంటే వాషింగ్టన్ వెళ్లే కాంగ్రెస్ సభ్యుడి కన్నా ఎక్కువ మందికి. న్యూయార్క్ శాసనసభ్యుల జీతం ఏడాదికి 1,42,000 డాలర్లు. టెక్సస్‌లో నెలకు 600 డాలర్లు, దానికి తోడు సమావేశాల రోజుల్లో భత్యం. టెక్సస్‌లో మీకు ఉత్తరం రాసే మనిషికి చాలా సందర్భాల్లో వేరే వృత్తి ఉంటుంది. లాయరో, వ్యాపారో, డాక్టరో అయి ఉంటారు.

టెక్సస్ శాసనసభ రెండేళ్లకోసారి, బేసి సంవత్సరంలో, 140 రోజులు మాత్రమే కూర్చుంటుంది. ఇది తెలిస్తే ఉత్తరం చదివే పద్ధతే మారుతుంది. సరి సంవత్సరంలో టెక్సస్ ప్రతినిధి మీకోసం చట్టం చేయలేడు, గవర్నర్ ప్రత్యేక సమావేశం పిలిస్తే తప్ప. ఆ సమావేశమూ 30 రోజులకు మించదు. అందులో ఏ చట్టాలు చర్చకు రావాలో గవర్నరే చెప్తాడు. కాబట్టి మిగతా ఏడాదిన్నరలో వచ్చే ఉత్తరాల్లో ‘అధ్యయనం చేస్తున్నాం’, ‘వచ్చే సెషన్‌లో తెస్తాం’ అన్న మాటలే ఉండటం సహజం. వర్జీనియాలో ప్రతి ఏడాదీ సమావేశాలుంటాయి గానీ అవి పొట్టివి. సరి సంవత్సరాల్లో 60 రోజులు. బేసి సంవత్సరాల్లో రాజ్యాంగం ప్రకారం 30, మామూలుగా 46కు పొడిగిస్తారు.

‘తెచ్చాను’ అంటే ఎంతవరకు తెచ్చినట్టు?

ఉత్తరంలో ఎక్కువగా కనబడే వాక్యం ఇది: ‘ఫలానా సమస్య మీద నేను బిల్లు ప్రవేశపెట్టాను.’ ప్రవేశపెట్టడం అంటే గుమ్మంలో చెప్పులు విడవడమే, పెళ్లి ఇంకా చాలా దూరం ఉంది. 2023లో టెక్సస్‌లో 8,000కు పైగా బిల్లులు దాఖలయ్యాయి. రెండు సభలూ దాటినవి 1,250 దాకా. వాటిలోనూ 76 గవర్నర్ వీటోకు పోయాయి. అంటే సగటున ఆరింటికి ఒక్క బిల్లు కూడా చట్టం కాలేదు.

మిగతావి ఎక్కడికి పోయాయి? చాలావరకు కమిటీలో ఆగిపోయాయి. ఎవరూ ఓడించరు, ఎవరూ వద్దనరు. ఛైర్మన్ విచారణ తేదీ వేయడు, అంతే. అందుకే ‘కమిటీకి వెళ్లింది’, ‘కమిటీ విచారించింది’, ‘కమిటీ ఆమోదించింది’ అనే మూడు మాటల మధ్య చాలా దూరం ఉంది. మొదటిది ప్రతి బిల్లుకూ జరిగే మామూలు తంతు. రెండోది నిజంగా ఒక మెట్టు. మూడోది వార్త. కొలరాడోలో మాత్రం 1988లో ఓటర్లు రాష్ట్ర రాజ్యాంగాన్నే సవరించి, ప్రతి బిల్లునూ కమిటీ విచారించి ఓటు వేయాల్సిందే అని కట్టడి చేశారు. ఈ ఏర్పాటు మిగతా రాష్ట్రాలకూ ఉంటే ఎంత బాగుండేదో అని నాకు ఎన్నోసార్లు అనిపించింది. కనీసం ఎవరు వద్దన్నారో తెలుస్తుంది.

‘కో-స్పాన్సర్ చేశాను’, ‘మద్దతు తెలిపాను’ అంటే వేరొకరి బిల్లు మీద పేరు చేర్చడం. తప్పేమీ కాదు, పేర్లు ఎక్కువైతే బిల్లుకు బలం కూడా. కానీ ఆ పని సొంతంగా బిల్లు రాసి, సభ్యులను ఒక్కొక్కరినీ ఒప్పించి, రెండు సభలూ దాటించడంతో సమానం కాదు. ఇక రిజల్యూషన్ అన్న మాట వస్తే ఆగండి. ఫలానా సంఘానికి అభినందనలు, ఫలానా రోజుకు గుర్తింపు లాంటి తీర్మానాలు చట్టాలు కావు. వాటివల్ల ఎవరికీ కొత్త హక్కు రాదు, ఎవరి మీదా కొత్త బాధ్యత పడదు.

చట్టమే అయినా అందులో ఏముందో చూడాలి. దీనికి మన వాళ్లందరికీ పరిచయమైన ఉదాహరణ దీపావళి. ‘మన రాష్ట్రంలో దీపావళి సెలవు’ అన్న వార్త వాట్సాప్‌లో ఎన్నిసార్లు తిరిగిందో లెక్కలేదు. కానీ ఆ సెలవు ఒక్కో రాష్ట్రంలో ఒక్కో వస్తువు. న్యూయార్క్‌లో 2023 నవంబరులో గవర్నర్ సంతకం పెట్టిన చట్టం న్యూయార్క్ నగర ప్రభుత్వ స్కూళ్లకు దీపావళి రోజు సెలవు తప్పనిసరి చేసింది. 2024 నవంబరు 1న పిల్లలు నిజంగా ఇంట్లో ఉన్నారు. అయితే అది నగరం వరకే, రాష్ట్రంలోని మిగతా స్కూల్ డిస్ట్రిక్టులకు కాదు. పెన్సిల్వేనియాలో 2024 అక్టోబరులో వచ్చిన చట్టం దీపావళిని రాష్ట్ర పండుగగా గుర్తించింది. కానీ స్కూళ్లుగానీ ఆఫీసులుగానీ మూయాలని చెప్పలేదు. కాలిఫోర్నియాలో 2025 అక్టోబరులో సంతకమై 2026 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన చట్టం మధ్యేమార్గం: స్కూళ్లు కావాలనుకుంటే సెలవు ఇవ్వవచ్చు. మూడు ఉత్తరాల్లోనూ శీర్షిక ఒక్కటే అయ్యుండొచ్చు. ఒకచోట పిల్లాడికి సెలవు, ఒకచోట గౌరవం, ఇంకొకచోట స్కూల్ బోర్డును అడగడానికి వీలు. మూడూ విలువైనవే. కాలిఫోర్నియాలో పని ఇంకా మిగిలే ఉందని, అది స్కూల్ బోర్డు సమావేశంలో జరగాలని తెలియకపోతే మాత్రం ఆ చట్టం కాగితం మీదే ఉండిపోతుంది.

అమలు తేదీ కూడా చూడాలి. సంతకమైన రోజే ప్రతి చట్టమూ మొదలవ్వదు. టెక్సస్‌లో చాలా చట్టాలు సెప్టెంబరు 1న, వర్జీనియాలో జులై 1న, కాలిఫోర్నియాలో జనవరి 1న అమల్లోకి వస్తాయి.

ఇంటి పన్ను పేరా

ఇక్కడ కాస్త నెమ్మదిగా నడవాలి. ఉత్తరంలో అన్నిటికన్నా ముందు ఉండేదీ, అన్నిటికన్నా తప్పుగా అర్థమయ్యేదీ ఇదే. టెక్సస్‌నే తీసుకుందాం, మనవాళ్లు అక్కడ లక్షల్లో ఉన్నారు.

రాష్ట్రం సొంతంగా ప్రాపర్టీ టాక్స్ వసూలు చేయకూడదని టెక్సస్ రాజ్యాంగమే చెబుతోంది. మరి ‘మీ ప్రాపర్టీ టాక్స్ తగ్గించాం’ అని స్టేట్ ప్రతినిధి ఎలా రాస్తాడు? ఈ పన్నులో మూడు చేతులున్నాయి. ఇంటి విలువ కట్టేది అప్రైజల్ డిస్ట్రిక్ట్. ఆ విలువ మీద రేటు నిర్ణయించేవి స్కూల్ డిస్ట్రిక్ట్, కౌంటీ, సిటీ వగైరా. ఎంత విలువకు మినహాయింపు ఇవ్వాలి, ఏడాదికి ఎంతకు మించి పెంచకూడదు అన్న హద్దులు గీసేది రాష్ట్రం. ప్రతినిధి చేయగలిగింది ఈ మూడోదే.

స్కూల్ పన్నుకు సంబంధించిన హోమ్‌స్టెడ్ (సొంతంగా ఉంటున్న ఇంటికి ఇచ్చే) మినహాయింపును టెక్సస్ 2023లో 40 వేల డాలర్ల నుంచి లక్ష డాలర్లకు పెంచింది. 2025లో 1,40,000కు తీసుకెళ్లింది. రెండుసార్లూ శాసనసభ ప్రతిపాదిస్తే నవంబరు ఎన్నికలో ఓటర్లు రాజ్యాంగ సవరణగా ఆమోదించారు. మీ ఇంటి విలువ 4 లక్షల డాలర్లు అనుకోండి. మినహాయింపు లక్ష ఉన్నప్పుడు 3 లక్షల మీద స్కూల్ పన్ను పడేది. ఇప్పుడు 2,60,000 మీద పడుతుంది. వంద డాలర్లకు ఒక డాలరు రేటు అనుకుంటే ఏడాదికి 400 డాలర్లు మిగిలినట్టు. చిన్న మొత్తమేమీ కాదు. కానీ అదే ఏడాది పన్నుకు లెక్కేసే విలువ 40 వేలు పెరిగితే ఆ 400 ఆవిరైపోతాయి. ప్రతినిధి రాసింది నిజమే, మీ బిల్లు తగ్గలేదన్నదీ నిజమే. హోమ్‌స్టెడ్‌గా నమోదైన ఇంటికి ఈ లెక్కలో విలువ ఏడాదికి 10 శాతానికి మించి పెరగకూడదన్న హద్దు ఉంది. 4 లక్షల మీద 10 శాతం అంటే సరిగ్గా ఆ 40 వేలే.

ఇంకో సంగతి. ఈ మినహాయింపు మీరు ఉంటున్న ఇంటికే, అదీ మీరు దరఖాస్తు పెట్టుకుంటేనే. పెట్టుబడికి కొని అద్దెకిచ్చిన రెండో ఇంటికి రాదు. అప్లికేషన్‌తో ఇచ్చే డ్రైవింగ్ లైసెన్సు మీద ఆ ఇంటి అడ్రసే ఉండాలి. కొత్త ఇంట్లోకి మారి లైసెన్సు మీద పాత అపార్ట్‌మెంట్ అడ్రసు అలాగే వదిలేసినవాళ్లు ముందు ఆ పని చూసుకోవాలి.

స్కూల్ డిస్ట్రిక్టుకు ఇలా తగ్గిన ఆదాయాన్ని రాష్ట్రం తన ఖజానా నుంచి భర్తీ చేస్తుంది. ఆ ఖజానా నిండేది ఎక్కువగా సేల్స్ టాక్స్‌తో. సొంతిల్లు ఉన్నవాళ్లకు ఇంటి పన్నులో మిగిలేదాంట్లో కొంత, అద్దెకుండేవాళ్లు కూడా సరుకుల మీద కట్టే పన్ను నుంచి వస్తోందన్నమాట. అది న్యాయమా కాదా అన్నది చర్చించదగిన ప్రశ్న. ఉత్తరంలో ఈ సగం నాకెప్పుడూ కనబడలేదు.

‘మన స్కూళ్లకు ఇన్ని కోట్ల డాలర్లు తెచ్చాను’ అన్న వాక్యానికీ ఇలాంటి పరీక్షే పెట్టాలి. స్కూళ్లకు రాష్ట్రం ఇచ్చే డబ్బులో అధికభాగం సూత్రం ప్రకారం వెళ్తుంది. ఎంతమంది విద్యార్థులు, ఎందరికి ప్రత్యేక అవసరాలు అన్న లెక్కతో, ప్రతినిధి ఎవరైనా వచ్చేదే. ఆ సూత్రాన్ని మార్చడానికి పోరాడి ఉంటే అది ఆయన పని. ఫలానా స్కూలుకు, ఫలానా వంతెనకు అని బడ్జెట్‌లో విడిగా ఒక పద్దు రాయించి ఉంటే అదీ ఆయన పనే. మామూలుగా వచ్చే వాటాను ‘తెచ్చాను’ అంటే, సూర్యోదయాన్ని తానే తెచ్చానని చెప్పినట్టే.

గుంత ఎవరిది?

రోడ్డు మీద గుంత పడితే ఎవరికి చెప్పాలన్న ప్రశ్నకు రాష్ట్రం మారితే జవాబు మారుతుంది. వర్జీనియాలో 1932 నుంచి కౌంటీ రోడ్లు చాలావరకు రాష్ట్ర రవాణా శాఖవే. ఆర్లింగ్టన్, హెన్రైకో కౌంటీలు మాత్రమే తమ రోడ్లు తామే చూసుకుంటాయి. అందుకే లౌడన్ కౌంటీ ఆష్‌బర్న్‌లో ఇళ్ల మధ్య వీధి గురించి స్టేట్ డెలిగేట్‌ను అడగడంలో అర్థం ఉంది. టెక్సస్ ఫ్రిస్కోలో అలాంటి వీధి సిటీది, స్టేట్ రెప్ ఆఫీసు మిమ్మల్ని సిటీకే పంపుతుంది. అదే పేరులో ఎఫ్‌ఎం అని ఉన్న రోడ్డయితే అది రాష్ట్రానిదే. పొలం నుంచి మార్కెట్‌కు అని ఒకప్పుడు వేసినవి ఇప్పుడు ఆరు వరసల రోడ్లయినా ఆ అక్షరాలు మిగిలాయి. ఇక గేటు ఉన్న కమ్యూనిటీ లోపలి రోడ్లు కొన్నిచోట్ల హెచ్ఓఏవే, అంటే అక్కడి ఇళ్ల యజమానుల సంఘానివే. వాటి గురించి ఏ ప్రభుత్వానికి రాసినా ఉపయోగం ఉండదు.

హెచ్ఓఏ అనగానే మనకు గుర్తొచ్చేది ఇంటి ముందు ఏం పెట్టుకోవచ్చన్న తగాదా. సిటీ కౌన్సిల్ దీనిలో పెద్దగా చేయగలిగింది లేదు, కాంగ్రెస్‌కు సంబంధమే లేదు. హెచ్ఓఏ ఏం చేయవచ్చో ఏం చేయకూడదో రాసేది రాష్ట్ర చట్టం. టెక్సస్‌లో 2011 చట్టం తలుపు మీదా గడప మీదా మతపరమైన వస్తువులు పెట్టుకోనిచ్చింది గానీ, మొత్తం 25 చదరపు అంగుళాలకు మించకూడదంది. 2021లో మరో చట్టం ఆ ఇరుకును తొలగించింది. మత విశ్వాసంతో పెట్టుకునే వాటిని ఇంటి స్థలంలో హెచ్ఓఏ నిషేధించకుండా చేసింది. భద్రతకు ముప్పు లాంటి కొన్ని మినహాయింపులున్నాయి. గుమ్మానికి కట్టిన మామిడి తోరణానికి నోటీసు వస్తే చూపించడానికి ఒక చట్టం ఉందన్నమాట. అది వచ్చింది ఇలాంటి ఉత్తరాలు రాసే మనుషుల ఓట్లతోనే.

సిటీలు, కౌంటీలు స్వతంత్ర రాజ్యాలు కావు. రాష్ట్రం ఇచ్చినంత అధికారమే వాటిది అన్న సిద్ధాంతాన్ని అయోవా న్యాయమూర్తి జాన్ డిలన్ 1868లో చెప్పాడు. ఇప్పటికీ దాన్ని ఆయన పేరుతోనే పిలుస్తారు. చాలా రాష్ట్రాలు తర్వాత నగరాలకు హోమ్ రూల్ పేరుతో వెసులుబాటు ఇచ్చాయి. అయినా రాష్ట్రం తలచుకుంటే సిటీ నిర్ణయాన్ని పక్కకు తోయగలదు. 2019లో టెక్సస్ చేసింది అదే. సిటీలు, కౌంటీలు పాత ఆస్తుల మీద నిర్వహణ కోసం వేసే ప్రాపర్టీ టాక్స్ ఆదాయాన్ని ఏడాదికి 3.5 శాతానికి మించి పెంచుకోవాలంటే ఓటర్లను అడగాలని చట్టం తెచ్చింది. మీ సిటీ పార్కు పనులు ఎందుకు వాయిదా పడ్డాయో వెతికితే జవాబు ఒక్కోసారి రాష్ట్ర రాజధానిలో దొరుకుతుంది.

ఇక స్టేట్ ప్రతినిధి చేతిలో లేని పెద్ద సంగతి వీసా. హెచ్-1బి ఏడాది కోటా 65,000, అమెరికాలో మాస్టర్స్ చేసినవాళ్లకు మరో 20,000. వీటిని నిర్ణయించేది కాంగ్రెస్. గ్రీన్ కార్డు వరస కూడా అంతే. కమ్యూనిటీ సభల్లో స్టేట్ రెప్ కనబడగానే మనవాళ్లు మొదట అడిగేది ఇదే. ఆయన మర్యాదగా తల ఊపుతారు, అంతకన్నా చేయగలిగింది లేదు. అదే సభలో ఇన్‌స్టేట్ ట్యూషన్ (రాష్ట్రంలో ఉండేవాళ్లకు కాలేజీలో తక్కువ ఫీజు) నియమాల గురించి, వీసా గడువుతో ముడిపడిన డ్రైవింగ్ లైసెన్సు రెన్యువల్‌కు పట్టే సమయం గురించి అడిగితే ఆయన పరిధిలోకి వస్తుంది. లైసెన్సులోనూ కొంత భాగం 2005 నాటి రియల్ ఐడీ అనే ఫెడరల్ చట్టానిది. ఆఫీసుల్లో సిబ్బంది, అపాయింట్‌మెంట్లు, బడ్జెట్ మాత్రం రాష్ట్రానివే.

చివరి పేజీలో ఉండేవి

ఉత్తరం చివర్లో చిన్న అక్షరాల్లో ఉండే సమాచారాన్ని ఎవరూ పట్టించుకోరు. నా లెక్కలో అక్కడే ఎక్కువ మేలుంది. ఉదాహరణకు ‘అన్‌క్లెయిమ్డ్ ప్రాపర్టీ’. మరిచిపోయిన బ్యాంకు ఖాతా, పాత కంపెనీ ఇవ్వాల్సిన ఆఖరి పేచెక్కు, ఖాళీ చేసిన అపార్ట్‌మెంట్ డిపాజిట్, కరెంటు కనెక్షన్ డిపాజిట్, ఇవన్నీ చిరునామా దొరక్కపోతే కొన్నేళ్లకు రాష్ట్ర ఖజానాకు చేరతాయి. రాష్ట్రం వాటిని మీ పేరు మీదే ఉంచుతుంది. ప్రాజెక్టుల వెంట నాలుగు రాష్ట్రాలు తిరిగిన మనవాళ్లకు ఇది అచ్చంగా వర్తిస్తుంది. ఇప్పుడున్న రాష్ట్రంలోనే కాదు, ఉండి వచ్చిన ప్రతి రాష్ట్రం వెబ్‌సైట్‌లోనూ పేరు వెతకాలి, పేరు స్పెల్లింగు మార్చి మార్చి వెతకాలి. వెతకడం ఉచితం. ‘మీ డబ్బు ఇప్పిస్తాం, వాటా ఇవ్వండి’ అనే వాళ్ల అవసరం లేదు.

రెండోది కేస్‌వర్క్. నిరుద్యోగ భృతి దరఖాస్తు ఆగిపోయినా, రాష్ట్ర పన్ను రిఫండ్ రాకపోయినా, నర్సింగ్ బోర్డులో లైసెన్సు ఫైలు నెలల తరబడి కదలకపోయినా ప్రతినిధి ఆఫీసుకు రాయవచ్చు. సిబ్బంది మీ నుంచి ఒక అనుమతి పత్రం తీసుకుని ఆ శాఖను ‘దీని సంగతేమిటి’ అని అడుగుతారు. ఫలితాన్ని శాసించలేరు. అయినా అడిగారన్న కారణంతోనే మరుగున పడ్డ ఫైలు పైకి వస్తుంది. పాస్‌పోర్టు, ఐఆర్ఎస్, ఇమిగ్రేషన్ లాంటి ఫెడరల్ పనులకైతే కాంగ్రెస్ సభ్యుడి ఆఫీసుకు రాయాలి. ఈ సేవకు ఓటు ఉండాల్సిన పనిలేదు, ఆ పార్టీకి అనుకూలురు కావాల్సిన పనీ లేదు.

ఉత్తరంలో లేనిది ఏమిటో కూడా చూడాలి. గెలిచిన బిల్లులు ఉంటాయి, వ్యతిరేకంగా వేసిన ఓట్లు ఉండవు. టెక్సస్‌లో 2007 రాజ్యాంగ సవరణ తర్వాత తుది ఆమోదానికి వేసే ఓట్లను పేరుపేరునా నమోదు చేయాలి. శాసనసభ వెబ్‌సైట్‌లో బిల్లు నంబరు కొడితే దొరుకుతాయి. ఓపెన్ స్టేట్స్, లెజిస్కాన్ లాంటి సైట్లలో 50 రాష్ట్రాలవీ వెతకవచ్చు. కాగితం కింద ‘పెయిడ్ ఫర్ బై’ అని ప్రచార కమిటీ పేరుందేమో కూడా చూడండి. ఉంటే అది ప్రజల సొమ్ముతో వచ్చిన సమాచారం కాదు, ఓటు కోసం వచ్చిన ప్రకటన. ఈ గీత చెరిగిపోకుండా కొన్ని రాష్ట్రాలు గట్టి నియమాలు పెట్టుకున్నాయి. కాలిఫోర్నియాలో పోటీలో ఉన్నవాళ్లు ఎన్నికకు ముందు 60 రోజుల్లో ప్రభుత్వ ఖర్చుతో ఇలాంటి ఉత్తరాలు పంపకూడదు.

ఓటు లేనివాళ్ల సంగతి

‘మాకు ఓటే లేదు, మాకెందుకు ఇదంతా’ అని హెచ్-1బి మీద ఉన్నవాళ్లు అంటుంటారు. దీనికి అమెరికా సుప్రీంకోర్టు 2016లో టెక్సస్ నుంచి వచ్చిన ఎవెన్వెల్ కేసులోనే జవాబు చెప్పింది. స్టేట్ సెనేట్ డిస్ట్రిక్టులు గీసేటప్పుడు ఓటు హక్కున్న వాళ్లనే లెక్కించాలని ఇద్దరు ఓటర్లు దావా వేశారు. మొత్తం జనాభాను లెక్కించవచ్చని న్యాయమూర్తులందరూ ఏకగ్రీవంగా తీర్పిచ్చారు. ప్రతినిధులు సేవ చేయాల్సింది నివసించే అందరికీ గానీ ఓటర్లకు మాత్రమే కాదని జస్టిస్ గిన్స్‌బర్గ్ రాశారు. ఆ డిస్ట్రిక్టు గీతలు మనల్నీ, మన పిల్లల్నీ కలుపుకుని గీసినవి. మనం లెక్కలో ఉన్నందువల్లే ఆ సీటు అక్కడ ఉంది.

చేయకూడనివీ తెలుసుకోవాలి. పౌరసత్వం లేకుండా ఓటు నమోదు చేసుకోవడం ప్రమాదం, గ్రీన్ కార్డుకే ముప్పు. వీసా మీద ఉన్నవాళ్లు ఏ ఎన్నికల ప్రచారానికీ, స్కూల్ బోర్డు అభ్యర్థికైనా సరే, విరాళం ఇవ్వకూడదు. ఇది ఫెడరల్ చట్టం. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు విరాళం ఇవ్వవచ్చు, ఓటు వేయలేరు. స్నేహితులు ఫండ్‌రైజర్‌కు పిలిచినప్పుడు మొహమాటంతో చెక్కు రాసేముందు ఇది గుర్తుండాలి. ప్రతినిధికి ఉత్తరం రాయడానికి, కాఫీ సమావేశానికి వెళ్లడానికి, కమిటీ ముందు మాట్లాడటానికి మాత్రం ఈ అడ్డం లేదు.

హైదరాబాదులో పుట్టి ఏడేళ్ల వయసులో అమెరికా వచ్చిన అరుణా మిల్లర్, మేరీలాండ్‌లో మాంట్‌గోమరీ కౌంటీకి రవాణా ఇంజినీరుగా పనిచేశారు. తర్వాత అక్కడి హౌస్ ఆఫ్ డెలిగేట్స్‌కు ఎన్నికయ్యారు. 2023లో ఆ రాష్ట్ర లెఫ్టినెంట్ గవర్నర్ అయ్యారు. రోడ్లు, సిగ్నళ్ల పని నుంచి శాసనసభకు దారి ఉందని చెప్పడానికి ఆమె కన్నా దగ్గరి ఉదాహరణ నాకు తెలియదు.

ఈసారి ఆ కాగితం వచ్చినప్పుడు జవాబు రాయాలనిపిస్తే చిన్నదిగా రాయండి. మొదటి వాక్యంలోనే ఇంటి అడ్రసు, జిప్ కోడ్ ఉండాలి. డిస్ట్రిక్టులో ఉండే మనిషి అని తేలకపోతే సిబ్బంది పక్కన పెట్టేస్తారు. రెండో వాక్యంలో బిల్లు నంబరు, అది కావాలా వద్దా. మూడో వాక్యంలో అది మీ ఇంట్లో ఎవరికి ఎలా తగులుతుందో. ఎక్కడో దొరికిన నమూనా ఉత్తరాన్ని వందమంది కాపీ కొట్టి పంపితే అది ఒక అంకెగా నమోదవుతుంది. మీ అమ్మాయి స్కూలు బస్సు ఏ వీధి మలుపులో ఆగుతుందో, అక్కడ కాలిబాట ఎందుకు కావాలో మీ మాటల్లో రాస్తే ఆఫీసులో ఎవరో ఒకరు దాన్ని మ్యాపులో వెతుకుతారు. కమిటీ విచారణ తేదీ బిల్లు పేజీలోనే ఉంటుంది. ఉత్తరం దానికి ముందే చేరాలి.